పశుపక్ష్యాదుల ఎంపిక ప్రజననం: ఆరోగ్యం, సంక్షేమం

మందలో కోరిన లక్షణం ఎక్కువగా ఉన్న ఆడ, మగ జంతువులను ఏరి, తరవాతి తరానికి వాటినే తల్లిదండ్రులుగా వాడుకోవడాన్ని ఎంపిక ప్రజననం అంటారు. పాలు బాగా ఇచ్చే ఆవు కడుపున పుట్టిన కోడెను విత్తనానికి ఉంచుకోవడం, గుడ్లు బాగా పెట్టే పెట్టను కోయకుండా అట్టిపెట్టుకోవడం రైతులకు వేల ఏళ్లుగా తెలిసిన పనులే. గత 80 ఏళ్లలో మాత్రం ఈ పని రైతు చేతిలోంచి ప్రజనన కంపెనీలకు, వీర్య కేంద్రాలకు, గణాంక శాస్త్రవేత్తలకు వెళ్లింది. దాంతో మార్పు వేగం పెరిగింది, దాని వెంటే పశువుల శరీరాలపై భారమూ పెరిగింది.

తూకం, పాలు, గుడ్లు సులభంగా లెక్కకు వస్తాయి. కాళ్ల నొప్పి, ఆకలి, ఈనేటప్పటి కష్టం అలా రావు. ఎంపిక వల్ల కలిగిన నష్టాల్లో చాలావరకు ఈ తేడాలోంచి పుట్టినవే. ఆరోగ్య లక్షణాలను కూడా లెక్కపెట్టడం మొదలైన చోట నష్టాలు తగ్గిన దాఖలాలున్నాయి.

నష్టం ఎలా పుడుతుంది

ఎంపికను ఒక పద్ధతిగా నిలబెట్టిన ఘనత ఇంగ్లండులోని లీస్టర్‌షైర్ ప్రాంతం, డిష్లీ రైతు రాబర్ట్ బేక్‌వెల్‌కు (1725–1795) దక్కింది. అప్పట్లో ఆడ, మగ పశువులు కలిసే మేసేవి, ఏది దేనికి పుట్టిందో ఎవరికీ తెలిసేది కాదు. బేక్‌వెల్ మగవాటిని వేరుచేశాడు. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటినే మళ్లీ మళ్లీ జతకట్టించి, త్వరగా కండా కొవ్వూ పట్టే న్యూ లీస్టర్ గొర్రెను తయారుచేశాడు. పొట్టేళ్లను అమ్మకుండా ఒక్కో కాలానికి ఇంత అని అద్దెకిచ్చి, వాటి పిల్లలు ఎలా ఎదుగుతున్నాయో గమనించేవాడు.

ఒక లక్షణాన్ని ఎంచుకుంటే దాని వెంట అడగనివి కూడా వస్తాయి. ఒకే జన్యువు శరీరంలో పలుచోట్ల పనిచేయడం దీనికి ఒక కారణం. పాల దిగుబడి పెంచే జన్యువుల్లో కొన్నింటి వల్ల చూడి నిలవడం కష్టమవుతుంది. తిన్న మేతలోని శక్తి పంపకం మరో కారణం. ఎదుగుదల, పాలు, రోగనిరోధక శక్తి, సంతానం అన్నింటికీ ఆ శక్తే ఆధారం కాబట్టి, ఒకదానికి ఎక్కువ పోతే మిగతావాటికి కొరత పడుతుంది. కొద్దిపాటి మగ జంతువుల వీర్యం లక్షల ఆడవాటికి చేరినప్పుడు మేనరికం సమస్య కూడా తోడవుతుంది. అంతవరకు దాగి ఉన్న లోపపు జన్యువులు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చి ఒకే పిల్లలో కలుస్తాయి. వెండీ రౌ, ఆమె సహచరులు 1998లో వందకు పైగా ఆధారాలను క్రోడీకరించి రాసిన సమీక్ష, కోళ్లు, పందులు, పాడి ఆవుల్లో ఈ ధోరణి ఒకేలా కనిపిస్తుందని చూపింది.

మాంసపు కోడి

ఎంపిక బలం ఎంతటిదో తెలియాలంటే బ్రాయిలర్ కోడి చరిత్ర చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో ఎ అండ్ పి కిరాణా దుకాణాల సంస్థ, ప్రభుత్వ వ్యవసాయ శాఖతో కలిసి ‘రేపటి కోడి’ అనే పోటీ పెట్టింది. రొమ్ము ఎంత వెడల్పుగా ఉండాలో, తొడ ఎంత నిండుగా ఉండాలో చూపే మైనపు నమూనాలు తయారుచేయించారు. 1948 జాతీయ పోటీలో, 1951లో జరిగిన రెండో పోటీలో కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ వాన్‌ట్రెస్ కోళ్లు గెలిచాయి. కార్నిష్ పుంజు రక్తంతో చేసిన సంకరం అది. ప్రపంచంలో బ్రాయిలర్ మూలజాతులను సరఫరా చేసే అతి కొద్ది సంస్థల్లో ఒకటైన కాబ్-వాన్‌ట్రెస్ పేరులో ఆ విజేత ఇంటిపేరు ఇప్పటికీ ఉంది.

కార్నిష్ మూలం మన దేశం దాకా వస్తుంది. 19వ శతాబ్దంలో భారతదేశం నుంచి కార్న్‌వాల్ చేరిన అసీల్ కోళ్లను అక్కడి పందెం కోళ్లతో కలపగా పుట్టిన జాతి ఇది. ఇంగ్లండులో దీన్ని ‘ఇండియన్ గేమ్’ అనేవారు. పోరుకు పనికొస్తుందనుకున్న సంకరం పందేనికి పెద్దగా అక్కరకు రాలేదు, వెడల్పాటి రొమ్ముతో మాంసానికి మాత్రం అమోఘంగా కుదిరింది. ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లను స్వస్థలంగా చెప్పే అసీల్ రక్తం ఆ దారిన ప్రపంచ బ్రాయిలర్‌లో కలిసి, ఫారం కోడి రూపంలో తిరిగి మన షెడ్లకే వచ్చింది.

కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం మార్చకుండా కాపాడుకొచ్చిన 1957, 1978 నాటి కోళ్లను 2005 నాటి బ్రాయిలర్ పక్కన ఉంచి, ఒకే రకం దాణా వేసి పెంచింది. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం 56 రోజుల వయసులో వాటి సగటు బరువులు వరసగా 905 గ్రాములు, 1,808 గ్రాములు, 4,202 గ్రాములు. దాణా ఒకటే కాబట్టి తేడా జన్యువులది. బ్రాయిలర్‌కు హార్మోన్ సూదులు వేస్తారని మన ఊళ్లలో గట్టిగా నమ్ముతారు. ఈ మూడు అంకెలు చూశాక సూదితో పనేముందని అడగాలనిపిస్తుంది.

ఆ బరువు మోసే కాళ్ల వయసు ఎనిమిది వారాలే. ఎముక గట్టిపడేలోపే పైన కండ పేరుకుంటుంది. రొమ్ము ముందుకు బరువెక్కేసరికి కోడి నిలబడే తీరే మారిపోతుంది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటన్‌లో 51,000 కోళ్ల నడకను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. సగటున 40 రోజుల వయసులో 27.6 శాతం కోళ్లు సరిగా నడవలేకపోతున్నాయి, 3.3 శాతానికి దాదాపు నడకే లేదు. కుంటే కోడి ఎక్కువసేపు తడి పొట్టులో కూర్చుంటుంది. ఆ తడిలోని అమోనియాకు రొమ్ము చర్మం, మడమలు, పాదాలు పుండ్లు పడతాయి.

గుండె, ఊపిరితిత్తులు కండతో సమానంగా పెరగలేదు. కండలకు కావలసిన ప్రాణవాయువు అందించడానికి గుండె కుడి భాగం అతిగా శ్రమించి దెబ్బతింటే పొట్టలో నీరు చేరుతుంది. జలోదరం అనే ఈ జబ్బు వేగంగా ఎదిగే కోళ్లలో ఎక్కువ. ఆరోగ్యంగా కనిపిస్తున్న కోడి రెక్కలు కొట్టుకుని క్షణాల్లో వెల్లకిలా పడి చచ్చిపోవడం కూడా ఫారాల్లో మామూలే. రొమ్ము మాంసంలో తెల్లటి చారలు, చెక్కలా గట్టిపడిన కండ ఇటీవలి దశాబ్దాల్లో ఎక్కువగా కనిపిస్తున్నాయి. రక్తప్రసరణ చాలని చోట కండ చచ్చి, ఆ స్థానంలో కొవ్వు, పీచు పేరుకుంటాయి. కొనేవాళ్లు వంక పెట్టడంతో మాంసం కంపెనీలు ఈ లోపాన్ని చాలా త్వరగా పట్టించుకున్నాయి. కుంటుకు అంత తొందర కనిపించలేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఎండ దీనికి తోడవుతుంది. వేగంగా ఎదిగే శరీరం లోపల వేడి ఎక్కువ పుట్టిస్తుంది, కోడికి చెమట పట్టదు. వడగాలుల రోజుల్లో అమ్మకానికి సిద్ధమైన బరువైన కోళ్లే ముందు రాలిపోవడానికి కారణం ఇదే. గోనె పట్టాలు తడపడం, ఫాగర్లు పెట్టడం, మధ్యాహ్నం దాణా ఆపడం రైతు చేసుకునే ఉపాయాలు. వేడి పుట్టించే గుణం మాత్రం పిల్లతోపాటే షెడ్డుకు వస్తుంది.

వినియోగదారు ఎన్నడూ చూడని కోడి మరొకటుంది, బ్రాయిలర్ తల్లి. పిల్లకున్న ఆకలి తల్లికీ ఉంటుంది. అది కోరినంత తింటే ఊబకాయం వచ్చి గుడ్లు తగ్గుతాయి, చావులు పెరుగుతాయి. అందుకని ఎదిగే వయసులో అది తినగలిగినదానిలో సగానికన్నా చాలా తక్కువ దాణా వేస్తారు. కొన్ని దేశాల్లో రోజు విడిచి రోజు పెడతారు. ఆ కోళ్లు ఖాళీ తొట్టెను పొడుస్తూ, అదే పనిగా నీళ్లు తాగుతూ, అటూ ఇటూ తిరుగుతూ ఉంటాయి. కడుపు నింపితే జబ్బు, నింపకపోతే జీవితాంతం ఆకలి. యాజమాన్యం ఎంత బాగున్నా ఈ చిక్కు వీడదు. ఎంపిక తెచ్చిపెట్టిన సంక్షేమ సమస్యల్లో అన్నింటికన్నా మొండిది ఇదేనని చెప్పవచ్చు.

గుడ్ల కోడి

కోళ్ల పూర్వీకురాలైన అడవి కోడి ఏడాదికి 10–15 గుడ్లు పెడుతుంది. నేటి గుడ్ల కోడి (లేయర్) 300 దాటిస్తుంది. ఒక్కో గుడ్డు పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. దాణాలో సున్నపురాయి, ఆల్చిప్పలు ఎంత వేసినా కొంత ఎముకల నుంచే పోతుంది. ఎముకలు గుల్లబారి రొమ్ము ఎముక విరగడం సర్వసాధారణమైంది. డెన్మార్క్‌లో 40 మందలను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో గుడ్ల కాలం ముగిసిన పెట్టల్లో సుమారు 85 శాతానికి ఈ ఎముక విరిగి కనిపించింది. పంజరంలో పెంచినా, నేల మీద వదిలినా తప్పలేదు. చిన్న ఒంట్లోంచి పెద్ద గుడ్డు బయటికి వచ్చేటప్పుడు లోపలి నుంచి పడే ఒత్తిడి కూడా ఒక కారణం కావచ్చని ఆ పరిశోధకులు భావించారు.

గుడ్ల జాతి వేరు, మాంసపు జాతి వేరు అయిపోవడంతో లేయర్ పుంజు పిల్లకు ఏ ధరా లేకుండా పోయింది. పుట్టిన రోజే వాటిని చంపే ఆనవాయితీని జర్మనీ 2022 జనవరి 1 నుంచి నిషేధించింది. గుడ్డులో ఉండగానే ఆడో మగో తేల్చే యంత్రాలు ఐరోపా హేచరీల్లోకి వస్తున్నాయి.

కోళ్లు ఒకదాన్నొకటి పొడిచి చంపుకోవడంలోనూ ఎంపిక పాత్ర ఉంది. గుడ్ల సంఖ్యను బట్టి ఒక్కో పెట్టను విడిగా ఎంచితే, తోటి కోళ్లను బెదరగొట్టి దాణా దక్కించుకునేదే నెగ్గవచ్చు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త విలియం మ్యూర్ దీనికి ఎదురుదారి పట్టాడు. అక్కాచెల్లెళ్లయిన పెట్టలను ఒకే పంజరంలో ఉంచి, పంజరం మొత్తం ఎంతకాలం బతికింది, ఎన్ని గుడ్లు పెట్టింది అని లెక్కగట్టి, మంచి పంజరాలను ఎంచాడు. ముక్కులు కత్తిరించలేదు. రెండో తరంలో ఏడాదికి 68 శాతంగా ఉన్న చావులు నాలుగో తరానికి 8.8 శాతానికి పడిపోయాయని 1996లో ప్రకటించాడు. గుడ్లు కూడా పెరిగాయి. కొలిచే తీరు మార్చితే రెండు మూడు తరాల్లోనే స్వభావం మారుతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

పాడి ఆవు

20వ శతాబ్దం రెండో సగంలో కృత్రిమ గర్భధారణ, ఘనీభవించిన వీర్యం కలిసి ఒక ఆంబోతుకు వేల కూతుళ్లు పుట్టే వీలు కల్పించాయి. అమెరికాలో 1962లో పుట్టిన హోల్‌స్టీన్ ఆంబోతు పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్‌కు 16,000 కూతుళ్లు, వాటికి పుట్టినవి 5 లక్షలు, ఆ తరవాతి తరంలో 20 లక్షలకు పైగా. ఈ చీఫ్, 1965లో పుట్టిన ఎలివేషన్ అనే మరో ఆంబోతు, ఈ రెండింటి మగ సంతతికి చెందనివి ఉత్తర అమెరికా వీర్య కేంద్రాల హోల్‌స్టీన్ ఆంబోతుల్లో దాదాపు లేవు.

చీఫ్‌లో ఒక చెడు జన్యువు దాగి ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ అది వస్తే పిండం గర్భంలోనే చనిపోతుంది. చూడి పోవడానికి వంద కారణాలుంటాయి కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు. వేల ఆవుల డీఎన్‌ఏ సమాచారం చేతికొచ్చాక, ఒక జన్యు ఖండం రెండు ప్రతులూ ఉన్న పశువు ఒక్కటి కూడా కనబడకపోవడాన్ని అమెరికా శాస్త్రవేత్తలు 2011లో గమనించారు. ఉండాల్సినవి లేకపోవడమే ఆధారమైంది. ఆ ఒక్క మార్పు వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 లక్షల గర్భాలు పోయాయని, నష్టం 42 కోట్ల డాలర్లని 2016లో అంచనా వేశారు. చీఫ్ జన్యువుల వల్ల అదనంగా వచ్చిన పాల విలువ 3,000 కోట్ల డాలర్లని కూడా అదే అధ్యయనం లెక్కకట్టింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే పరిశ్రమ ఎందుకు వెనక్కి తగ్గలేదో తెలుస్తుంది.

ఇంతకన్నా విస్తృతమైన సమస్య రోజువారీ ఆరోగ్యానిది. ఈనిన తొలి వారాల్లో పాలకు పోయే శక్తి తిన్న మేతతో పూడదు. ఆవు ఒంటి కొవ్వును కరిగించుకుంటుంది, చిక్కిపోతుంది. కొవ్వు అతిగా కరగడం వల్ల వచ్చే కీటోసిస్, పొదుగువాపు, గిట్టల పుండ్లు, ఎదకు రాకపోవడం ఆ సమయంలో ఎక్కువ. పాడి ఆవుల అనారోగ్యానికి, ముఖ్యంగా కుంటు, పొదుగువాపు, గర్భ సమస్యలకు దీర్ఘకాలంగా అధిక పాలకోసం సాగిన ఎంపికే ప్రధాన కారణమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లో తేల్చి చెప్పింది.

నార్వే వాళ్లది వేరే దారి. పశువైద్యుడు చేసిన ప్రతి చికిత్సనూ ఆవు పేరిట నమోదుచేసే పద్ధతి అక్కడ 1970ల్లోనే వచ్చింది. ఆ దశాబ్దంలోనే పొదుగువాపు, చూడి నిలిచే శక్తి ఆంబోతుల ఎంపికలో చోటు సంపాదించుకున్నాయి. నార్వీజియన్ రెడ్ ఆవు దిగుబడిలో హోల్‌స్టీన్‌కన్నా వెనకబడినా, చూడి నిలవడంలో, పొదుగు ఆరోగ్యంలో మెరుగ్గా నిలిచింది. అమెరికా లెక్కలోకి ఆవు ఆయుర్దాయం 1994లో, కూతుళ్లు చూడి కట్టే రేటు 2003లో వచ్చాయి. అంతవరకు దిగజారుతూ వచ్చిన సంతాన సామర్థ్యం ఆ తరవాత నిలదొక్కుకుంది.

భారతదేశంలో కథ వేరు. 2019 పశుగణన ప్రకారం మన పశుసంపదలో విదేశీ, సంకరజాతి పశువులు 5.14 కోట్లు. హోల్‌స్టీన్‌కు గాలి వేడి సుమారు 25 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల మే నెల దానికి సరిపడదు. విదేశీ రక్తం పెరిగేకొద్దీ పిడుదుల వల్ల వచ్చే థైలీరియా జ్వరం ప్రాణాంతకమవుతుంది, నాటు పశువు అదే జ్వరాన్ని చాలాసార్లు తట్టుకుంటుంది. అందుకే చాలా రాష్ట్రాల విధానాలు విదేశీ రక్తాన్ని సగం దగ్గర ఆపమంటాయి. ఊళ్లో మాత్రం పాలు చూసిన రైతు మళ్లీ అదే విదేశీ వీర్యపు సూది వేయిస్తాడు. కోస్తాలో నాటు గేదెలను ముర్రా జాతి గేదెలతో మెరుగుపరిచిన దారి ఇంతకన్నా సాఫీగా సాగింది, రెండూ ఈ నేల పశువులే కనుక. ఎండాకాలంలో లక్షణాలు పైకి కనబడని మూగ ఎద సమస్య మాత్రం గేదెలో అలాగే ఉండిపోయింది.

పంది, ఎద్దు, గొర్రె

కొవ్వు తక్కువ, కండ ఎక్కువ కోసం ఎంచిన పియట్రెయిన్ వంటి పందుల్లో లారీ ఎక్కించేసరికే వణికి, ఒళ్లు కాలిపోయి చచ్చిపోయేవి కనిపించాయి. హాలోథేన్ మత్తు వాయువు పీల్పిస్తే అలాంటి పిల్లలు కట్టెలా బిగుసుకునేవి. వాటిని ఏరివేయడానికి తొలినాళ్లలో ఇదే పరీక్ష. కారణమైన జన్యు మార్పును 1991లో కనుగొన్నాక రక్తపరీక్షతోనే తేల్చడం వీలై, చాలా మందల్లోంచి దాన్ని తుడిచేశారు.

డెన్మార్క్ పందుల్లో ఈతకు పిల్లల సంఖ్య పెంచుకుంటూ పోగా తల్లికున్న చనుమొనలకన్నా పిల్లలు ఎక్కువయ్యాయి, పుట్టే బరువు తగ్గింది, చావులు పెరిగాయి. 2004 నుంచి పుట్టినవాటి బదులు ఐదో రోజుకు బతికున్నవాటిని లెక్కిస్తున్నారు. బెల్జియన్ బ్లూ ఎద్దుల్లో కండ పెరుగుదలను అదుపుచేసే మయోస్టాటిన్ జన్యువు చెడిపోయిందని 1997లో తెలిసింది. దూడ పిరుదులు అంత కండ కట్టడంతో పదింట తొమ్మిది ఈతలకు పైగా ఆపరేషన్‌తోనే జరుగుతాయి. అలవాటుగా కడుపు కోస్తే తప్ప ఈనలేని పశువును జాతి గర్వంగా చెప్పుకోవడం వింతే.

ఆస్ట్రేలియా మెరీనో గొర్రెకు ఉన్ని పెంచడం కోసం 19వ శతాబ్దం చివర్లో ముడతల చర్మం ఎంచుకున్నారు. తోక కింది ముడతల తడికి ఈగలు గుడ్లు పెడితే పురుగులు బతికున్న గొర్రెనే తింటాయి. దానికి విరుగుడుగా తోక చుట్టూ చర్మం కోసేయడాన్ని 1930ల్లో మొదలుపెట్టారు. చాలాకాలం మత్తు లేకుండా సాగిన ఈ కోత పేరు మ్యూల్సింగ్. న్యూజిలాండ్ దీన్ని 2018లో నిషేధించింది. ముడతలు, తోక కింద ఉన్ని లేని గొర్రెలను ఎంచితే కోతే అక్కర్లేదని ఆస్ట్రేలియాలోనే కొందరు రైతులు మందలు పెంచి చూపుతున్నారు.

పందెం కోడి, పుంగనూరు ఆవు

సంక్రాంతి బరిలో దిగే డేగ, కాకి, నెమలి పుంజులు తరతరాలుగా పౌరుషం కోసమే ఎంచినవి. అసీల్ పిల్లలు చిన్న వయసులోనే తలపడతాయి, పుంజులను గంప కిందో తాడుకో విడివిడిగా ఉంచక తప్పదు. మేపు, ఈత, మర్దన వంటి రాజభోగం ఒకవైపు, కాలికి కత్తి మరోవైపు. గుడ్లు తక్కువ, పొదుగుడు గుణం ఎక్కువ, ఒళ్లు గట్టిది. ఉత్పత్తికి కాక స్వభావానికి ఎంచితే ఏమవుతుందో ఈ జాతి చెబుతుంది.

చిత్తూరు జిల్లాకు చెందిన పొట్టి జాతి పుంగనూరు ఆవును పలమనేరు పశు పరిశోధన స్థానం సంరక్షిస్తోంది. ఇటీవల ఇళ్లలో ముద్దుకు పెంచుకునే గిరాకీ పెరిగి, ఎత్తు తగ్గేకొద్దీ ధర పెరుగుతోంది. ఐర్లండ్‌కు చెందిన పొట్టి డెక్స్‌టర్ ఆవుల్లో మరుగుజ్జు జన్యువు రెండు వైపుల నుంచీ వస్తే దూడ వికృతంగా, ప్రాణం లేకుండా పుడుతుంది. పుంగనూరుది అదే జన్యువని కాదు. అసలే కొద్దిగా మిగిలిన జాతిలో ఎత్తు ఒక్కటే చూసి ఎంచితే మేనరికం ముదురుతుంది.

దిద్దుబాటు ప్రయత్నాలు

రూత్ హారిసన్ 1964లో రాసిన ‘యానిమల్ మెషీన్స్’, మరుసటి ఏడాది బ్రిటన్‌లో పశు సంక్షేమంపై వచ్చిన బ్రాంబెల్ నివేదిక చర్చను పంజరాల మీదకు మళ్లించాయి. జన్యువుల ప్రస్తావన చట్టాల్లోకి ఆలస్యంగా వచ్చింది. తన జన్యు స్వభావం వల్ల ఆరోగ్యం దెబ్బతింటుందనుకున్న పశువును పెంచరాదని ఐరోపా సమాజపు 1998 ఆదేశం చెబుతుంది. మాట గట్టిదే, అమలు పలుచన. నెదర్లాండ్స్ సూపర్‌మార్కెట్లు చట్టం కోసం చూడకుండా తాజా కోడి మాంసంలో నెమ్మదిగా ఎదిగే రకాలకు మారాయి. రోజుకు సగటున 50 గ్రాములకు మించి పెరగని రకాలను వాడాలని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో సిఫారసు చేసింది. మన 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో కొట్టడం, అతిగా బరువు మోయించడం ఉన్నాయి, ఎంపిక ఊసు లేదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. వనరాజా తండ్రి వరసను ఎంచిన కొలతల్లో ఆరు వారాల వయసులో కాలి పొడవు ఒకటి. పెరట్లో కుక్కనూ డేగనూ తప్పించుకోవాలంటే కాళ్లుండాలి కదా.

జన్యు సవరణ ఈ రంగాన్ని ఇంకా వేగవంతం చేస్తోంది. పందుల జబ్బు పీఆర్‌ఆర్‌ఎస్ వైరస్ సోకకుండా జన్యువు సవరించిన పందిని అమెరికా ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ఆమోదించింది. పందికి జబ్బు బాధ తప్పుతుంది, అదే కారణంగా ఇంకా ఇరుగ్గా కుక్కి పెంచే వీలూ దొరుకుతుందనే విమర్శ ఉంది.

మన వీర్య కేంద్రాలు ఆంబోతులకు వారసత్వ జబ్బుల పరీక్షలు చేయిస్తున్నాయి. వాటి జాబితాల్లో ప్రధానంగా కనిపించేవి మాత్రం తల్లి పాల దిగుబడి, వెన్న శాతం. ఇప్పుడు ఊళ్లో ఆవుల చెవులకు వేస్తున్న 12 అంకెల పసుపు ట్యాగు పేరిట వీర్యపు సూదులు, టీకాలు నమోదవుతున్నాయి. పొదుగువాపు, కుంటు, ఈతకూ ఈతకూ మధ్య ఎడం కూడా అక్కడే ఎక్కితే, నార్వే 50 ఏళ్ల కిందట సమకూర్చుకున్న సమాచారం ఇక్కడి ఆంబోతుల ఎంపికకూ అందివస్తుంది.